వాగీశ్వరి కబుర్లు

నేను పుట్టింది కేరళలో, అలెప్పీలో. కరుణాకరన్ గారి తయారీని. టేకు చెక్క ఒళ్లు, ఇత్తడి బిగింపులు, మధ్యలో మడతలు మడతలుగా తిత్తి. వాగీశ్వరి అని పేరు పెట్టారు. తెనాలిలో ఒక స్టూడియోకి వచ్చిపడి పెళ్లి జంటల్నీ, బడిపిల్లల గ్రూపుల్నీ తీసి పెట్టాను. అప్పట్లో నాకు షట్టర్ లేదు. స్టూడియో యజమాని లెన్సు మూత తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, మళ్లీ మూసేసేవారు. చిన్న కెమెరాలొచ్చాక అటకెక్కాను. అక్కడి సంగతి ఎలుకలకే తెలుసు.

నన్ను కిందికి దింపింది ఆయన మనవరాలు. హైదరాబాదులో ఉద్యోగం. దింపీ దింపగానే, "తాతయ్యా, దీనికి ఏ లెన్సు కొనాలి?" అంది. కొత్తవాళ్లంతా ఇంతే, ముందు లెన్సు మీద పడతారు.

"లెన్సుకేం తొందర? తిత్తికి చిల్లులున్నాయేమో చూడమ్మా" అన్నారాయన.

గది చీకటి చేసి నా కడుపులో టార్చి వెలిగించారు. మడతల మూలల్లో సన్నటి చుక్కలు మెరిశాయి. నల్ల గుడ్డ ముక్కలు జిగురుతో అతికించారు. ఆ ఒక్క పూటలో వాళ్లకెంత ఫిల్ము మిగిలిందో వాళ్లకే తెలియదు.

నాది హాఫ్ ప్లేటు కొలత. ఇప్పుడు సులువుగా దొరికేది 4×5 అంగుళాల ఫిల్ము. అందుకని ఆ ఫిల్ము పెట్టే హోల్డర్ పట్టేలా వడ్రంగి చేత వెనక చట్రం చేయించారు. ఇక్కడ కక్కుర్తి పనికిరాదు. గరుకుటద్దం ఎంత లోతులో ఉందో, హోల్డర్ పెట్టాక ఫిల్ము కూడా సరిగ్గా అంతే లోతులో ఉండాలి. అట్టముక్క మందం తేడా వచ్చినా అద్దంలో కనబడ్డ కనురెప్ప ఫిల్ము మీద చెదిరిపోతుంది. అద్దం గరుకు వైపు లెన్సుకేసి ఉండాలని వడ్రంగికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాతే 150 మిల్లీమీటర్ల లెన్సు వచ్చింది, షట్టర్‌తో సహా. అసలు ఫిల్ము ఖరీదు చూసి అమ్మాయి గుండె జారింది. దాంతో ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి, బాత్రూములో ఎర్ర బల్బు కింద కత్తిరించుకుంది. ఎరుపు దానికి కనబడదు కాబట్టి పాడవదు. అందుకే ఆవిడ తీసిన మొదటి ఫొటోలో అమ్మమ్మ కుంకుమ బొట్టు కాటుక చుక్కలా వచ్చింది! పైగా దానికి రెండు వైపులా మందు పూత. ట్రేలో గోరు తగిలితే గీతే.

మొదటి ప్రయాణం మంగళగిరి గాలిగోపురానికి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన 11 అంతస్తులు. చేతి ఫోనుతో తలెత్తి తీస్తే గోపురం వెనక్కి వాలిపోతుంది. నేను మాత్రం నిటారుగానే నిలబడి, లెన్సు పలకను పైకి జరుపుకుంటాను. అమ్మాయి నల్లగుడ్డ కింద దూరి, తలకిందులుగా కనిపిస్తున్న గోపురాన్ని భూతద్దంతో అంతస్తు అంతస్తుగా చూసుకుంది. f/22కి బిగించింది. షట్టర్ మూసిందో లేదో మళ్లీ చూసుకుని, హోల్డర్ దోపి, దాని తెల్ల అంచు పలక లాగింది. మీట నొక్కాక నల్ల అంచు బయటికి వచ్చేలా పలక తిప్పి పెట్టింది. తీసిన ఫిల్ము ఏదో, తీయంది ఏదో చెప్పేది ఆ అంచే.

"ఏదమ్మా ఫొటో, చూపించు" అన్నాడు పూలకొట్టు అబ్బాయి.

"వచ్చే వారం" అంది. వాడు నమ్మినట్టు లేదు.

తర్వాత తాతయ్య ముఖం. దగ్గర్నుంచి తీయాలంటే తిత్తి 210 మిల్లీమీటర్ల దాకా సాగింది. సాగినకొద్దీ ఫిల్ముకి చేరే వెలుతురు తగ్గిపోతుంది. 210ని 150తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే దాదాపు 2. అంటే ఎక్స్‌పోజర్ రెట్టింపు. అమ్మాయి కాగితం మీద వేసుకునేలోపే ఆయన "రెండింతలు ఇవ్వు" అనేశారు, కుర్చీలోంచి కదలకుండా.

ఇప్పుడు ఆవిడకి ఎన్‌లార్జర్ మీద పడింది కన్ను. ఆయన వద్దంటున్నారు. నెగెటివ్ అరచేయంత ఉంది కదా, కాగితం మీద ఆనించి కాంటాక్ట్ ప్రింటు వేసుకుంటే సరిపోతుందని ఆయన వాదన. నేనూ ఆయన పక్షమే. ఆ డబ్బు పెట్టి ముందు గట్టి స్టాండు కొంటే బాగుణ్ణు. ఇప్పుడున్నదాని మీద గాలి వీస్తే చాలు, నాకు కాళ్లు వణుకుతున్నాయి.