మారుతీ విక్రయ సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

సూత్రంలో అరమాత్ర తగ్గించగలిగితే వైయాకరణులు కొడుకు పుట్టినంత సంబరపడతారని ఒక వాడుక ఉంది. ఆ సంబరం ఎలాంటిదో తెలియాలంటే అడగవలసింది పాణినిని కాదు, మాటకింత అని డబ్బు కట్టి ఆదివారం పేపర్లో క్లాసిఫైడ్ వేయించిన గృహస్థుని. మాట పెరిగితే చార్జీ పెరుగుతుంది. అందుకని విభక్తులు పోయాయి, విశేషణాలు ఇంగ్లీషులోకి కుదించుకుపోయాయి, చివరికి కర్త కూడా తప్పుకుని కర్మణి ప్రయోగం ఒక్కటి మిగిలింది. ఇంట్లో తెలుగువాడెవడూ "అన్నం తినబడును" అనడు. కారు అమ్మేటప్పుడు మాత్రం అందరికీ చిన్నయసూరి పూనుతాడు.

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఎదురుగా ఉన్నది కాళిదాసు కనుక ఆయనకు చెల్లింది. మాకు దొరికిన కవి చెప్పవలసినదంతా మూలం బయట దాచినవాడు. కాబట్టి ఆ ఒట్టు మాకు వర్తించదు.

మూలం

"అమ్మబడును. మారుతీ 800 ఏసీ. 93 మోడల్. వైట్. సింగిల్ ఓనర్. డాక్టర్ డ్రివెన్. 38,000 కి.మీ. ఎక్స్‌లెంట్ కండిషన్. బ్రోకర్లు క్షమించాలి. సా. 6 తర్వాత పీపీ ఫోన్‌లో సంప్రదించండి."

ప్రతిపదార్థం

అమ్మబడును = అమ్మక తప్పదు; 93 మోడల్ = 92 డిసెంబరులో తయారై సంక్రాంతికి రిజిస్ట్రేషన్ అయినది; వైట్ = పక్క కాలమ్‌లో వధువుకు కోరే రంగు గలది; సింగిల్ ఓనర్ = ఆర్‌సీ బుక్కులో ఒక్క పేరే కలది, బావమరిది డ్రైవింగ్ నేర్చుకున్నదీ దీని మీదే; డాక్టర్ డ్రివెన్ = టీక చూడుడు; 38,000 కి.మీ. = మీటరు చెప్పునది; ఎక్స్‌లెంట్ కండిషన్ = నిన్న వాటర్ సర్వీసింగ్ అయినది; బ్రోకర్లు = బ్రోకర్లు.

తాత్పర్యం

అబ్బాయి అమీర్‌పేటలో కోర్సు ముగించాడు, వై2కె పుణ్యమా అని అమెరికా వెళ్తున్నాడు. లేదా అమ్మాయి పెళ్లి కుదిరింది. లేదా ఇంటాయనకు సియెలో మీద మనసుపడింది. మొదటి రెండూ అయితే బేరం చేయవచ్చు. మూడోదైతే ఆయన పాత బండిని అప్పటికే మరిచిపోయి ఉంటాడు కనుక ఇంకా బాగా చేయవచ్చు.

టీక

మారుతీ 800. ఇక్కడ కొంత పూర్వచరిత్ర అవసరం. తెలుగు గృహస్థుని తొలి కారు అంబాసిడర్ అని ఒక వాదం ఉంది. అది నిలవదు. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో పోసి, కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా తీసిన ఆ బండి కలెక్టరుది, కాంట్రాక్టరుది, టాక్సీది, పెళ్లివారిది. సొంతదారు వెనక సీట్లో కూచునే వాహనం తొలి కారు అనిపించుకోదు. ఫియట్ పక్షం ఇంతకంటే గట్టిది. 1970లలో పద్మిని అయిన ఆ బండికి గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది, ముందు సీట్లో ముగ్గురు పట్టేవారు. కానీ అది లాయర్ల దాకా వచ్చి ఆగిపోయింది, గుమాస్తాల వీధికి దిగలేదు.

గుమాస్తాల వీధిలో బండి అంటే స్కూటరు, స్కూటరు అంటే రసీదు. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్న చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్లకేళ్లు, ఒక్కోచోట పదేళ్ల దాకా కాచుకున్నారు. విదేశీ మారకంలో కట్టేవాళ్లకు ముందే దొరికేది కనుక దుబాయిలో ఉన్న మేనమామ పెళ్లిళ్లలో పెద్దపీట మీద కూచునేవాడు. మిగతావాళ్లకు ఆ కాగితమే బండి. అది బీరువాలో రేషన్ కార్డు కింద ఉండేది. దాన్ని కట్నంలో భాగంగా ఇచ్చిన మామగార్లు ఉన్నారని మా పెద్దలు చెప్పుకునేవారు, అల్లుడు అలిగినట్టు మాత్రం ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్ ఆల్విన్ వారు తమ స్కూటరుకు పుష్పక్ అని పేరు పెట్టడంలో శాస్త్రజ్ఞానం కనిపిస్తుంది. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండడం పుష్పక విమాన లక్షణం. ముందు నిలబడిన పెద్దవాడూ, నడుమ ఇరుక్కున్న నడిపివాడూ, వెనక అమ్మ ఒళ్లో చిన్నదీ కలిసి ఆ లక్షణాన్ని ప్రతి సాయంత్రం రుజువు చేసేవారు.

ఇలా ఉండగా 1982లో ఎన్టీఆర్ ఒక పాత షెవర్లే వ్యానును చైతన్య రథం చేసుకుని, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రం చుట్టారు. 1983 జనవరిలో గెలిచారు. గెలిపించింది కొత్త బండి కాదన్న విషయం మా సిద్ధాంతానికి పనికొస్తుంది కనుక పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాదే డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి మారుతీ తాళాలు ఒక ఎయిర్‌లైన్స్ ఉద్యోగి చేతిలో పెట్టారు. ధర 47,500 రూపాయలు. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఆ 796ను 800 అనడం అతిశయోక్తే గాని, నాలుగు సీసీలతో సరిపెట్టుకున్న అతిశయోక్తిని ఆలంకారికులెవరూ ఎరగరు.

ఇప్పుడు సిద్ధాంతం. కొత్తగా అమ్ముడైన బండ్లనే చరిత్రకారులు లెక్కపెడతారు. మా వీధిలో తొలి కారు కొన్నవారెవరూ షోరూము గుమ్మం తొక్కలేదు. వాళ్లు తొక్కింది ఇంకొకరి ఇంటి గుమ్మం, ఆదివారం పొద్దున, చేతిలో మడిచిన పేపరుతో. తొలి కారు అనగా మరొకరికి ముందే తొలి కారయి, వాళ్ల కలల బండికి చోటిచ్చి, మన వాకిట్లోకి వచ్చినది అని నిర్వచనం. సియెలో కోసం తమ మారుతీని వదులుకున్నవారి వల్లనే మా వీధికి కార్లు వచ్చాయి. సియెలో కంపెనీ ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలిసినదే. మారుతీ మాత్రం 2010లో కాలుష్య నిబంధనలు మారి హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో అమ్మకం ఆగేదాకా, 2014లో తయారీ నిలిచేదాకా నడుస్తూనే ఉంది.

మా నాన్నగారి కలల బండి కాంటెస్సా. కొనాలని కాదు. రోడ్డు మీద ఎదురైతే స్కూటరు పక్కకు తీసి, కాలు కింద పెట్టి, అది మలుపు తిరిగేదాకా చూసేవారు. ఆ తర్వాత కూరల బేరంలో ఆయన మామూలుకన్నా గట్టిగా ఉండేవారు.

డాక్టర్ డ్రివెన్. సూత్రానికి ఇదే ప్రాణం. ముందు పాఠాంతరాలు: కొన్ని ప్రతుల్లో "లేడీ డ్రివెన్" అనీ, సికింద్రాబాద్ ప్రతుల్లో "మిలటరీ ఆఫీసర్ వాడినది" అనీ, తర్వాతి కాలపు ప్రతుల్లో "ఎన్నారై కారు" అనీ ఉంది. వీటన్నిటిలో అంతరార్థం ఒకటే, బండిని తక్కువగా కష్టపెట్టారని. ఎన్నారై ఊళ్లోనే ఉండడు. డాక్టరుకు ఇల్లూ ఆస్పత్రీ తప్ప మూడో చోటు లేదు. పైగా రోగాన్ని ముందే పట్టగలడు.

పూర్వపక్షం: అర్ధరాత్రి కేసు వస్తే గుంటా గట్టూ చూడకుండా పరిగెత్తించేది కూడా డాక్టరే కదా? సమాధానం: ఆయన ఆర్‌ఎంపీ, ఆయనకున్నది మోపెడ్.

రెండో పూర్వపక్షం ఇంత తేలిగ్గా లొంగదు. మాది గుంటూరు. 1946లో మెడికల్ కాలేజీ పెట్టిన ఊరు. కొత్తపేటలో నర్సింగ్ హోముల బోర్డులు ఒకదాన్నొకటి కప్పేస్తుంటాయి. అయినా ఒక్క ఆదివారం పేపర్లో అమ్మకానికొచ్చే డాక్టర్ల కార్లకు ఆ డాక్టర్లు చాలరు. ముఖ్యార్థం పొసగనప్పుడు ఏం చేయాలో పెద్దలు చెప్పే ఉన్నారు, లక్షణను ఆశ్రయించాలి. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని గ్రహించినట్టు, డాక్టర్ నడిపిన కారు అంటే డాక్టర్ గారి ఎదురింట్లో నిలబెట్టిన కారు అని గ్రహించాలి. సామీప్య సంబంధం.

ఇది ఊహ కాదు. మేము చూడబోయిన కారు యజమాని ఇరిగేషన్ ఇంజనీరు. ఎదురింటి గేటుకు ఎముకల డాక్టరు గారి బోర్డు ఉంది. మా నాన్నగారు ప్రకటన తీసి చూపించారు. ఆయన ఏమాత్రం తడబడలేదు. "డాక్టరు గారు కూడా ఒకసారి నడిపారండీ, పెట్రోలు బంకు దాకా" అన్నారు.

మేము వెంట తీసుకెళ్లిన మెకానిక్ ఈ మాటలేవీ వినలేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపుల కింద, మడ్‌గార్డుల చుట్టూ ఆనించుకుంటూ వెళ్లాడు. అతుక్కుంటే రేకు, జారిపోతే పుట్టీ. టింకరింగ్ చేసినవాడు ఎంత గొప్పవాడైనా అయస్కాంతం ముందు దాచలేడు. ఎడమవైపు వెనక తలుపు దగ్గర అది జారింది. బేరం అక్కడ మొదలైంది. చివరికి ఇచ్చిపుచ్చుకోవడాలు తేలాక ఇంజనీరు గారి భార్య వచ్చి డాష్‌బోర్డు మీది వేంకటేశ్వరస్వామిని ఊడదీసుకున్నారు. బండి ఇచ్చినా స్వామిని ఇవ్వకూడదట. గుండ్రటి జిగురు మచ్చ మిగిలింది. మా అమ్మ దాన్ని కిరసనాయిలుతో తుడవబోయి, ఆగి, మా స్వామిని సరిగ్గా దాని మీదే అతికించింది.

38,000 కి.మీ. దీని మీద ఎక్కువ చెప్పడం అమర్యాద. స్పీడోమీటరు కేబుల్ ఊడదీస్తే కాలం ఆగుతుందని యోగశాస్త్రం కన్నా ముందు మెకానిక్కులు కనిపెట్టారు. తక్కువ తిరిగిన బండికి అసలైన ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాలి. అక్కడ పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది, 1912 మోడల్, వెనక సీటు స్థానంలో సింహాసనం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని చేయించమన్నారు. అది తయారయ్యేలోగా, 1911లో, ఆయన కన్నుమూశారు. ఇన్నేళ్లలో తిరిగింది నాలుగు వందల మైళ్లయినా లేదంటారు. క్లాసిఫైడ్ రచయితలంతా కలలు కనే బండి అది, రాజు కన్న కల కూడా అదే. ఆయన మాత్రం ఎక్కలేదు.

ఏసీ. ఉన్నది అనడం ప్రత్యక్ష ప్రమాణం, వేస్తారనడం అనుమానం. అలిపిరి దాటి 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు, 796 సీసీలు ఏడుగురిని లాగాలా, చల్లగాలిని లాగాలా అన్న మీమాంస వస్తుంది. మా నాన్నగారు స్విచ్ కట్టేసి, అద్దాలు దించి, "గోవిందా" అనేవారు. అందరూ అనేవాళ్లం. పల్లపు రోడ్డు మీద కూడా పెట్రోలు లెక్కే గెలిచేది. కాని ఏసీ కారని లోకానికి తెలియాలంటే అద్దాలు ఎత్తి ఉండాలి. కనుక ఒక మే నెల మధ్యాహ్నం, ఏసీ వేయకుండా, అద్దాలన్నీ బిగించుకుని, చెమటలు కారుతూ బ్రాడీపేట నాలుగో లైనులో మా మేనత్త ఇంటి ముందు దిగాం. ఆమె ముందుగా అన్నది, "లోపల చల్లగా ఉంటుందా అన్నయ్యా?" నాన్నగారు ముఖం తుడుచుకుంటూ "చలేస్తుందే" అన్నారు. ధ్వనికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మా దృష్టికి రాలేదు.

బ్రోకర్లు క్షమించాలి. సూత్రంలో క్షమాపణ ఉన్నది ఇక్కడొక్కచోటే, అదీ తప్పు చేయనివారిని. పీపీ అనగా ఫోను మనది కాదు, పక్కింటివారిది, పిలిస్తే వచ్చి మాట్లాడతాం అని. ఈ రెండు పదాలకూ ఉన్న అన్వయం మాకు చాలాకాలం బోధపడలేదు. మా నాన్నగారు ఆ ఆదివారం సరిగ్గా ఆరు దాటాక, వీధి చివర ఎస్టీడీ బూత్ నుంచి ఆ నంబరుకు చేశారు. పక్కింటాయన ఎత్తారు. నాన్నగారు మర్యాదగా, పేపర్లో చూశాననీ, డాక్టరు గారి కారు గురించనీ చెప్పారు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఏ డాక్టరు గారిదండీ?"