ఫ్యానుగారి పాఠం

పాఠాలన్నీ రికార్డు చేసి పెట్టాం, కొండ మీది విద్యార్థికి ఇంక లోటేమిటని అడుగుతున్నారు విద్యాపెద్దలు. లోటేమీ లేదు. అరకులో కూర్చుని ఆ రికార్డింగు వింటే ఫ్యాను తిరగడం, కుర్చీ కిర్రుమనడం, రేకుల మీద వాన, ఎవరిదో దగ్గు, అన్నీ దివ్యంగా వినిపిస్తాయి. మాస్టారొక్కరే వినిపించరు. మధ్యలో ఎక్కడినుంచో ‘అర్థమైందా?’ అని వస్తుంది. ‘అయింది సార్’ అని తరగతంతా అరుస్తుంది. నోట్సులో రాసుకోదగ్గది ఆ ఒక్క ముక్కే.

మాస్టారి గొంతును తప్పుపట్టకండి. రికార్డు చేసే ఫోను పెట్టింది చివరి బెంచీ మీద. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది. నోటికి జానెడు దూరంలో ఉండాల్సిన మైకు 20 అడుగుల అవతలుంటే 30 డెసిబెల్స్ దరిదాపుల్లో గోవిందా. అది గమనించిన ఫోను ఉదారంగా శబ్దం పెంచుతుంది. పెంచేటప్పుడు మాస్టారూ ఫ్యానూ దానికి సమానమే. సమానత్వం గొప్పదే గానీ, పరీక్షలో ఫ్యాను గురించి అడగరు కదా!

పైగా అంతా వీడియోనే. మాస్టారి ముఖం కనబడాలట. గంట వీడియో వందల ఎంబీలు మింగుతుంది. అదే గంట మాటలను 32 కేబీపీఎస్‌లో దాచితే 14 ఎంబీలు చాలు. 2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు సిగ్నల్ కోసం గుట్టలెక్కిన పిల్లలకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లకు భాషలూ మెట్లే: ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, డిగ్రీలో ఇంగ్లీషు. ఇన్ని మెట్లెక్కి వచ్చినవాడికి ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి వినే వీలుండాలి. మనం నాలుగుసార్లూ ఫ్యానునే వినిపిస్తున్నాం.

చొక్కా కాలరుకు తగిలించే మైకు ఒకటి కొనరాదా అంటారా? అక్కడే ఉంది చిక్కు. స్మార్ట్ బోర్డుకైతే రిబ్బను కట్టి కత్తిరించవచ్చు. శనగగింజంత మైకుకు రిబ్బను ఎక్కడ కడతారు? ఫొటోలో ఎంతమంది పడతారు?

దూరంగా పెట్టి అందిందనుకోవడం మనకు కొత్త కాదులెండి. గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని 2014 విభజన చట్టం చెప్పింది. 2019లో పార్లమెంటు చట్టం చేసింది. తరగతులు పెట్టింది కొండ దిగువన, విజయనగరం దగ్గర కొండకరకాంలో, ఆంధ్రా యూనివర్సిటీ పాత పీజీ సెంటర్లో. సొంత భవనాలకు 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగిందీ అదే జిల్లాలో, మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో. అరకు పిల్లవాడికి విశ్వవిద్యాలయం కూడా చివరి బెంచీ మీదే ఉంది.

వినబడటం లేదని ఎవరైనా అర్జీ పెడితే తక్షణం చర్య ఉంటుంది. ఇంకో కెమెరా వస్తుంది, ఈసారి ఫోర్ కే. మాస్టారి పెదవుల కదలిక స్పష్టంగా కనబడుతుంది. పెదవులు చూసి పాఠం పోల్చుకునే కోర్సు వచ్చే విద్యాసంవత్సరం నుంచి పెడతారు, బహుశా ఆన్‌లైన్లో.