పండు కబుర్లు

భోగిమంట ఆరిపోయి రెండు గంటలైనా మా అక్క కొడుకు ల్యాప్‌టాప్ మూయలేదు. వసారాలో మడతమంచం మీద బాసింపట్టు వేసుకుని, తెర మీద ఒక చిన్న బొమ్మ చేత గోడ దూకిస్తున్నాడు. బొమ్మ దూకుతుంది, గోడలో సగానికి కూరుకుపోతుంది. మళ్లీ దూకుతుంది, మళ్లీ కూరుకుపోతుంది. పావుగంట నుంచీ ఇదే వరస.

"ఏంట్రా అది?"

"గేమ్, మామయ్యా."

"పండగపూట ఆడుకోడానికి ఇంకేమీ దొరకలేదా?"

"ఆడట్లేదు. తయారు చేస్తున్నా."

వాడికి గచ్చిబౌలిలో మంచి ఉద్యోగం ఉంది. అది చాలక రాత్రిళ్లు ఈ గోడ దూకుడు. ఇది కాక యూట్యూబులో ఏదో చానెల్, ఒక సగం రాసిన నవల. నేను అవకాశం వదులుకునే మనిషిని కాదు. కుర్చీ లాక్కుని ఉపన్యాసం మొదలెట్టాను.

"ఒరేయ్, పది చోట్ల పది గోతులు తీస్తే నీళ్లు పడవు. ఒకే చోట తవ్వాలి. నన్ను చూడు. 2005 నుంచి ఒకటే పత్రిక, ఒకటే శీర్షిక. 'పండు కబుర్లు' అంటే ఇవాళ తెలియనివాడు లేడు. నవల రాయమన్నారు, రాయలేదు. టీవీకి రమ్మన్నారు, పోలేదు. ఇరవై ఏళ్లు ఒకటే నుయ్యి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పండు అంటే నేనే. పుట్టినప్పుడు దబ్బపండులా ఉన్నానని మా అమ్మ పెట్టిన పేరు. దబ్బపండు రంగు ఎప్పుడో పోయింది, యాభై తొమ్మిది నిండాయి, తలకాయ మాత్రమే నున్నగా మిగిలింది. అయినా అమ్మకి నేను పండునే. మొదటి వారం కబుర్లలో ఆ సంగతే రాశాను. ఇరవై ఏళ్లు నిండాయి కదా, మంచివి ఓ వంద ఏరి పుస్తకం వేద్దామని పండక్కి ముందే పత్రిక ఆఫీసుకి మెయిలు కూడా పెట్టాను.

వాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా, "యాట్సీ తెలుసా మామయ్యా నీకు?" అన్నాడు.

"తినేదా?"

"మనిషి. నీలాగే వారం వారం వెక్కిరించి బతికాడు."

వెక్కిరించి అన్న మాట నాకు నచ్చలేదు గాని, వినాలనిపించింది.

అసలు పేరు బెన్ క్రోషా. 1983లో ఇంగ్లండులో రగ్బీ అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊరి పేరే రగ్బీ ఆటకి వచ్చింది. ఇక యాట్సీ అన్నది ముద్దుపేరు. అదీ ఆటే, పాచికల ఆట. హక్కులు హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీవి. మొత్తానికి ఆటలతో కుట్టిన జాతకం. ఇరవై నిండేసరికి ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ చేరాడు. తోచనప్పుడల్లా ఇంట్లో కూర్చుని తనే గేములు చేసేవాడు. డబ్బుపెట్టి కొనే సరంజామా కాదు, ఎవరో ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ మీద. 2003లో '5 డేస్ ఎ స్ట్రేంజర్' అని ఒకటి చేశాడు. ఓ టోపీ దొంగ పాత బంగళాలో దొంగతనానికి దూరి, మళ్లీ బయటికి రాలేక అందులోనే చిక్కుపడతాడు. దాన్ని ఊరికే పంచిపెట్టాడు. దాని తరవాయి భాగాలు ఇంకో మూడు. ఇవన్నీ పెట్టుకోడానికి సొంతంగా ఒక వెబ్‌సైటు, దాని పేరు 'ఫుల్లీ రాంబ్లోమాటిక్'. మన భాషలో చెప్పాలంటే పూర్తి ఆటోమేటిక్ వాగుడు.

"రూపాయి రాని పనులు. నీలాగే," అన్నాను.

"విను మామయ్యా."

2007లో సరదాకి రెండు గేముల మీద రెండు చిన్న వీడియోలు చేసి యూట్యూబులో పడేశాడు. పచ్చటి పసుపు తెర, కాగితం కత్తిరించి అతికించినట్టుండే బొమ్మలు, వెనకనుంచి ఊపిరి పీల్చుకోకుండా దూసుకొచ్చే గొంతు. అంతే. 'ది ఎస్కేపిస్ట్' అనే ఇంటర్నెట్ పత్రికవాళ్లు చూసి పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ప్రతి బుధవారం ఒక సమీక్ష. పేరు 'జీరో పంక్చుయేషన్'. కామాలూ ఫుల్‌స్టాపులూ లేని మాట అన్నమాట.

లోపల్నుంచి అమ్మ, "మీ పెద్దత్తయ్యలాగా," అంది. అమ్మకి చెవుడు అని మేమంతా అనుకుంటాం గాని, అది అవసరాన్ని బట్టి.

వాడు ఫోనులో ఒకటి పెట్టి చూపించాడు. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో మాత్రం చేయి తిరిగిన పనితనం కనపడింది. అయిదు నిమిషాల్లో ఒక ఉపమానం మీద ఇంకో ఉపమానం, దాని మీద మూడోది, రోడ్డు మీద తోపుడుబండి మీద పేర్చిన జామకాయల్లా. ఒక్కటీ జారదు. ఇది చూడగానే వచ్చే విద్య కాదు, వారం వారం రాసేవాడికి తెలుస్తుంది. తిట్టడంలో ఎంత మొనగాడంటే, పోర్టల్ అనే గేము ఒకటి వస్తే అందులో తప్పు దొరక్క ఇబ్బంది పడ్డాడట. పాపం. పెళ్లిభోజనంలో ఉప్పు సరిపోతే కొంతమందికి కలిగే బాధ అది.

ఇంకో ముచ్చట నాకు మరీ నచ్చింది. డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అని 1997లో ప్రకటించిన గేము ఒకటి. పన్నెండేళ్లయినా రాలేదు. 2009లో చేసేవాళ్లు చేతులెత్తేశారు. ఇతను ఆ లేని గేముకి సమీక్ష చేశాడు! వచ్చినట్టూ, ఆడినట్టూ, చూసినట్టూ. అసలు గేము ఆ తర్వాత రెండేళ్లకి, 2011లో వచ్చింది. రాని సినిమాకి సమీక్ష రాసే ధైర్యం నాకు ఎన్నడూ కలగలేదు, చూసిన సినిమాకి రాస్తేనే ఫోన్లొచ్చేవి.

"అబ్బ! వీడు మనవాడే," అన్నాను. "చూశావా మరి? పనికిరాని గేములు మానేసి ఒకటి పట్టుకున్నాడు, నిలబడ్డాడు."

"మానలేదు."

ఇక్కణ్ణుంచి వాడు చెప్పిన పట్టీ వింటే నాకే ఆయాసం వచ్చింది. 2010లో కొందరితో కలిసి బ్రిస్బేన్‌లో మానా బార్ తెరిచాడు. మందు తాగుతూ వీడియో గేములు ఆడుకునే చోటు. అదే ఏడు 'మాగ్‌వరల్డ్' నవల. చచ్చి అరవై ఏళ్లయ్యాక లేపబడినవాడు ఒకడు, ప్రశాంతంగా మళ్లీ చావనివ్వండ్రా బాబూ అని తిరుగుతుంటాడు. వాడున్న లోకం ఎవరో ఆడుకుంటున్న గేము. 2012లో 'జామ్'. బ్రిస్బేన్ నగరాన్ని ఒక ఉదయం మనుషుల్ని తినే స్ట్రాబెర్రీ జామ్ ముంచెత్తుతుంది. (మన దగ్గర ఆవకాయతో రాస్తే నిజమేననుకుంటారు.) 2015లో రెండు గేములు. అమెరికా మకాం మార్చాక 2017లో ఇంకో నవల. అందులో నాయకుడు అంతరిక్ష నౌక నడిపేవాడు. మనుషుల్ని ఉన్నచోటు నుంచి చిటికెలో ఇంకో గ్రహానికి చేర్చే యంత్రం కనిపెట్టేసరికి, నౌకలు నడిపే వీరులంతా ఉద్యోగాలు పోయి రోడ్డున పడతారు. ఆ తర్వాత 2019లో, పన్నెండు నెలల్లో పన్నెండు గేములు చేస్తానని పందెం వేసుకున్నట్టు కూర్చున్నాడు.

"బుధవారం సమీక్ష?"

"ఒక్క బుధవారమూ ఎగ్గొట్టినట్టు నాకు గుర్తులేదు."

"బార్ ఏమైంది?"

"2015లో మూసేశారు."

తొడ చరిచాను. "అదీ! అదే నేను చెప్పేది. బార్ మూతపడింది. దొంగ గేము ఊరికే పంచిపెట్టాడు. నవలల్తో మేడలు కట్టి ఉండడు. చివరికి వాడికి అన్నం పెట్టింది ఏది? బుధవారం. పేరు తెచ్చింది ఏది? ఆ పసుపు తెర. పక్కపనులన్నీ జాతరలో రంగులరాట్నం. ఎక్కామా, దిగామా. ఇంటికి తీసుకెళ్లేది ఏమీ ఉండదు."

వాడు మొదటిసారి ల్యాప్‌టాప్ మూసి నా వైపు తిరిగాడు. నవ్వుతున్నాడా అంటే నవ్వడం లేదు.

ఆ ఎస్కేపిస్ట్ పత్రిక మధ్యలో చాలాసార్లు చేతులు మారింది. చివరికి గేమర్స్ అనే సంస్థకి చేరింది. 2023 నవంబరులో ఒకరోజు ఆ సంస్థ ప్రధాన సంపాదకుడు నిక్ కలాండ్రాని తీసేసింది. అది విని వీడియోలు చేసేవాళ్లంతా కట్టగట్టుకుని రాజీనామా ఇచ్చేశారు, మన యాట్సీతో సహా. రోజుల తేడాలో 'సెకండ్ విండ్' అని సొంత కుంపటి పెట్టుకున్నారు, చూసేవాళ్లిచ్చే చందాల మీద.

"శభాష్. మగాడు. జీరో పంక్చుయేషన్ అక్కడికి తీసుకెళ్లిపోయాడన్నమాట."

"లేదు. అప్పటికి అది వాడిది కాదు."

"వాడిది కాకపోతే మరెవరిది?"

"అప్పుడు కంపెనీది. పేరు కంపెనీది. పదహారేళ్లు వారం వారం చేసిన వీడియోలూ కంపెనీవే."

"మరి వాడిది?"

"గొంతు."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. వీధిలో హరిదాసు చిడతలు వినపడ్డాయి.

"కొత్తదానికి ఏం పేరు పెట్టుకున్నాడో తెలుసా?" అన్నాడు. "ఫుల్లీ రాంబ్లోమాటిక్."

పాత వెబ్‌సైటు పేరు. ఊరికే పంచిపెట్టే గేముల కోసం పెట్టుకున్న, ఎవరూ జీతం ఇవ్వని, అందుకే ఎవరూ లాక్కోలేని పేరు. దొంగ గేమూ వాడిదే. జామ్ వాడిదే. పన్నెండు గేములూ వాడివే. 2024లో ఇంకోటి అమ్మకానికి పెట్టాడు, 'స్టార్‌స్ట్రక్ వాగబాండ్' అని, అంతరిక్షంలో పార్శిళ్లు మోసే గేము, అదీ వాడిదే. నేను రంగులరాట్నం అన్నవన్నీ ఇంటికి వచ్చాయి. జీతం తీసుకున్న ఒక్కటే ఆ రోజు వెంట రాలేదు.

ఓడిపోయినట్టు కనపడకూడదు కదా. "సంతకం పెట్టేముందు కాగితం చదువుకోవద్దూ? తెల్లవాళ్లయినా అంతే," అన్నాను.

లోపల్నుంచి అమ్మ, "నువ్వు చదివావుట్రా?" అంది.

2016లో మా పత్రిక యాజమాన్యం మారినప్పుడు ఒక కాగితం వచ్చిన మాట నిజమే. నాలుగు పేజీలు. మూడు చోట్ల టిక్కు పెట్టి ఉన్నాయి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. ఆ టిక్కులు తప్ప నేను ఏం చదివానో నాకు జ్ఞాపకం లేదు. బీరువా వెతకడానికి ధైర్యం చాలక, ఊరికే శుభాకాంక్షలు చెబుతున్నట్టు ఆఫీసుకి ఫోన్ చేశాను. పండగ డ్యూటీలో ఉన్న ఒక అమ్మాయి ఎత్తింది. చాలా మర్యాదస్తురాలు.

"మీ మెయిల్ చూశాం సార్. నేనే రిప్లై ఇద్దామనుకుంటున్నాను. పుస్తకానికి మాకేం అభ్యంతరం లేదు సార్, అవి కాకుండా వేరే వ్యాసాలు వేసుకుంటే. టైటిల్ కూడా వేరేది చూసుకోండి. 'పండు' మన ప్రాపర్టీ కదా."

"పండు అంటే నేనమ్మా."

"తెలుసు సార్. చాలా మంచి క్యారెక్టర్. యూత్‌కి బాగా కనెక్ట్ అవుతోందని మేనేజ్‌మెంట్ కూడా అంటున్నారు. అందుకే ఉగాది నుంచి వేరే అబ్బాయి చేత రాయిద్దామని. ఇరవై రెండేళ్లు, చాలా బాగా రాస్తాడు. పండుకి ఏమేం అలవాట్లున్నాయో మీరు ఒక పేజీ రాసి పంపిస్తే అతనికి ఈజీ అవుతుంది సార్. హ్యాపీ భోగి."

ఫోను జేబులో పెట్టుకున్నాను. మేనల్లుడు ఏమీ అడగలేదు. అవతలి మాటలు వాడిదాకా వినపడినట్టున్నాయి. మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచాడు. ఈసారి బొమ్మ దూకింది, గోడ అవతల పడింది.

"నా బావి..." అన్నాను, ఏమనాలో తోచక.

"బావి నీదే మామయ్యా. స్థలమే."

వంటింట్లో అరిసెల మూకుడు దింపిన చప్పుడయింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి, ఎప్పటిలాగే వీధి చివరిదాకా వినపడేట్టు కేకేసింది.

"పండూ! ఆకులు వేశాను, లేచి రా!"

లేవబోయాను. వాడు నా చొక్కా చేయి పట్టుకుని ఆపాడు.

"ఆగు మామయ్యా. పిలిచింది నిన్నేనా కాదా, ఒకసారి ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కో."