ఇనుము తిన్న యెలుకలు

తాడిమర్రిలో వేరుసెనగకాయలు కొను సాహుకారు, మూట లోనికి వచ్చినప్పుడొక గీతయు వెలికిఁ బోయినప్పుడొక గీతయు బొగ్గుతో గోడపైఁ గీచి, దీపము పెట్టువేళకు రెంటిని సరిచూచి, ఒక్క మూట తక్కువైనచో హమాలీని, లారీవానిని, కడకుఁ దన బావమఱఁదిని సైతము నిలఁదీసి గాని అన్నమునకు లేవఁడు. ఈ విద్యకే కంపెనీలయందు ఇన్వెంటరీ కంట్రోలర్ పదవి యని పేరు. కుర్చీ తిరుగును, జీతము నెలనెలా వచ్చును, చేతికి బొగ్గుమసి యంటదు.

అట్టి విద్య వర్ధిల్లు పెనుకొండ చెంత, ఎఱ్ఱమంచి కియా కార్ల కర్మాగారమున, కొన్నేండ్లుగా సాగిన చౌర్యములో సుమారు 900 ఇంజన్లు మాయమైనవని 2025 మార్చిలోఁ బోలీసులకు ఫిర్యాదు చేరెను. ఇంజను చంకఁ బెట్టుకొని పోవు వస్తువు గాదు. గుమ్మడికాయల దొంగ భుజములైనఁ దడుముకొనును, దీనిని భుజమున కెత్తు మొనగాఁడే లేఁడు. దానికి లారీ, లారీకి గేటుపాసు, పాసునకు సంతకము, సంతకమునకుఁ గంప్యూటరులో పద్దు వలయును. ఎలుకలు త్రాసును దినెనన్న పంచతంత్రపు వర్తకుఁడు, పాపము, ఒక్క త్రాసుతోఁ దృప్తి చెందెను! పట్టుబడినవారిలో అక్కడి పూర్వోద్యోగులును ఉండిరఁట. లెక్క రానివారు మాత్రము గారు.

ఈ వార్తను జదివి వినిపింపఁగా మా సాహుకారు మూటలపైనుండి చూపు మరల్పకయే, “ఆడ గోడకు సున్నమేమన్నా కొట్టిచ్చినారేమో సూడప్పా” అనెను.