సాసర్ లేని చాయ్

పది రోజులుగా ఓ కేఫ్ కంపెనీ నన్ను తెగ మిస్సవుతోంది. పెళ్లయి ముప్పై ఏళ్లయినా మా ఇంట్లో ఎవరూ ఇంతగా మిస్సవలేదు. ‘మీ కప్పు మీకోసం ఎదురుచూస్తోంది’ అని పొద్దున్నే ఒక మెసేజు, సాయంత్రం ఇంకోటి.

తప్పు నాదే. అబిడ్స్‌లో వాళ్ల కొత్త బ్రాంచికెళ్లి చాయ్ అడిగితే కౌంటర్ కుర్రాడు ఫోన్ నంబరడిగాడు. 170 రూపాయలిచ్చిన చేత్తోనే నంబరూ ఇచ్చాను. మూత బిగించిన కాగితం గ్లాసు మీద నా పేరు రాసి, రేషన్ షాపులో పిలిచినట్టు పిలిచాడు. సాసర్ ఇవ్వమన్నాను.

‘‘సాసరంటే... ప్లేటా సార్?’’

మన కేఫులు ఊరంతా బ్రాంచీలు పెడుతుంటే నాకేం కడుపుమంట లేదు. 1978లో రెడ్ హిల్స్‌లో మొదలైన నీలోఫర్ హైటెక్ సిటీ దాకా ఎగబాకింది. అందులో పనివాడిగా చేరిన బాబూరావే యజమానీ అయ్యాడు. సంతోషం. అరకు కాఫీ 2017లో పారిస్‌లో కొట్టు తెరిస్తే, గింజలు నేనే మోసుకెళ్లినట్టు వీధి వీధంతా చెప్పాను. నా గొడవల్లా సాసర్ గురించే.

సాసరంటే మాటలా? కప్పు ఒలికితే పట్టేది అదే. ఉస్మానియా బిస్కెట్టుకి ఆసనం అదే. చాయ్ మధ్యలో ఎవరైనా పిలిస్తే కప్పు మీద మూత అదే. చిల్లర పెట్టేదీ, ఇంటికొస్తే పిల్లికి పాలు పోసేదీ అదే. ఇరానీ హోటల్లో డికాక్షన్ దమ్ మీద, పాలు వేరే గిన్నెలో గంటలకొద్దీ మరుగుతాయి. అంత వేడిని మనిషి నోటికి తగ్గట్టు చల్లార్చే యంత్రం, కరెంటు అక్కర్లేనిది, సాసరొక్కటే. అసలు వన్ బై టూ పుట్టిందే దానివల్ల: కప్పు ఒకడికి, సాసర్ ఒకడికి. అబిడ్స్ ఓరియంట్ హోటల్లో కవులూ నాయకులూ ఒక్క చాయ్ మీద గంటలు గడిపారంటే సాసర్ సాయం లేకుండానా? మూతకున్న కంతలోంచి పీల్చుకుంటూ కవిత్వం రాయమనండి చూద్దాం.

ఇక లాభం లేదని బేగం బజార్ వెళ్లాను. నిజాం అలీఖాన్ బేగం హమ్దా సాహెబా వర్తకులకిచ్చిన స్థలమట అది. అందులో సాసర్లకీ మూరెడు చోటు ఉండకపోతుందా? ఇత్తడి బిందెల గుట్టలు దాటి, హమాలీల ‘హటో’లు తప్పించుకుని, పింగాణీ కొట్టు పట్టుకున్నాను.

‘‘ఆరు కప్పులు, ఆరు సాసర్ల సెట్టుంది సాబ్. ఉత్త సాసర్లు అమ్మం’’ అన్నాడు సేఠ్.

‘‘హోటళ్లవాళ్లు కొనరా?’’

‘‘ఏడ గొంటున్నరు? కాగితం గ్లాసులు బస్తాలకు బస్తాలు తీస్కపోతున్నరు. సాసర్ గడగాలంటే మనిషి గావాలె గదా.’’

నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, కుర్రాణ్ణి గోడౌన్‌కి పంపించి, కప్పులు పగిలి ఒంటరివైన సాసర్లు రెండు తెప్పించాడు. అంచున నీలం గీత, దుమ్ము. తుడిచి, పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి చాయ్ పెట్టుకుని, కప్పులోంచి ఒకదాన్లోకి ఒంపాను. అంచుదాకా నిండింది. తాగితే నాలుగు గుక్కలు. కప్పులో ఇంకా ఆరు మిగిలాయి.

కాలేజీ రోజుల్లో మావాడొకడుండేవాడు. వన్ బై టూ రాగానే సాసర్ తనవైపు లాక్కునేవాడు. ‘‘నాకు వేడి పడదురా, కప్పు నువ్వే తీసుకో’’ అనేవాడు. అలా ఎన్ని వందల చాయ్‌లు తాగామో. అడుగుదామంటే వాడిప్పుడు లేడు.

వేడి పడనివాడు మొజాంజాహీ మార్కెట్ దగ్గర మిర్చీ బజ్జీ బాణలిలోంచి తీసింది తీసినట్టే తినేవాడు.