మార్షల్ మాట

న్గుయెన్ కావ్ కీని చూసినవాళ్లెవరికైనా ముందు గుర్తుండిపోయేది వేషమే. నల్లటి ఫ్లయింగ్ సూటు, మెడలో ఊదారంగు స్కార్ఫు, నడుముకి పిస్తోలు, సన్నటి మీసం. ఒకప్పుడు ఎయిర్ హోస్టెస్ అయిన భార్య కూడా అలాంటి నల్ల సూటులోనే పక్కన నిలబడితే ఫొటోగ్రాఫర్లకి పండగే.

ఫ్రెంచివాళ్ల దగ్గర విమానం నడపడం నేర్చుకుని, దక్షిణ వియత్నాం వైమానిక దళానికి అధిపతి, మార్షల్ అయ్యాడు. 1965లో సైనికాధికారులంతా కూడబలుక్కుని ప్రధానమంత్రిని చేసేనాటికి ఆయనకి 34 ఏళ్లు. అక్రమ వ్యాపారులని కాల్చిపారేస్తానన్నాడు. మరుసటేడే ఒక వ్యాపారిని సైగాన్ నడిబొడ్డున, మార్కెట్ ముందు కాల్పించాడు కూడా. మనిషి ఎలాంటివాడైనా అన్న మాట మీద నిలబడతాడనుకున్నారు జనం. ఆ తర్వాత నాలుగేళ్లు ఉపాధ్యక్షుడు. 1971లో ఆ పదవీ పోయింది. మైకు మాత్రం వదల్లేదు.

1975 ఏప్రిల్ చివరి వారం. ఉత్తరాది సేన సైగాన్ పొలిమేరల దాకా వచ్చేసింది. శివార్లలో క్యాథలిక్కుల సభ. 1954లో ఉత్తరాది నుంచి కట్టుబట్టలతో తరలివచ్చిన జనం వాళ్లు. ఇప్పుడు మళ్లీ మూటలు కట్టుకోవాలా వద్దా అన్నది వాళ్ల బెంగ. అమెరికావాళ్ల వెంట పారిపోయేవాళ్లు పిరికిపందలని మార్షల్ గర్జించాడు. తను ఇక్కడే ఉండి పోరాడతానన్నాడు.

29వ తేదీన సైగాన్ విమానాశ్రయం మీద రాకెట్లు పడ్డాయి. ఆ రోజే సముద్రంలో ఉన్న అమెరికా యుద్ధనౌక మిడ్‌వే మీద ఒక హెలికాప్టర్ వాలింది. నడిపి తెచ్చింది మార్షలే. విద్య చేతిలో ఉంది కాబట్టి ఎవర్నీ బతిమాలుకోవాల్సిన పని పడలేదు.

అమెరికాలో ఆయన మద్యం దుకాణం పెట్టాడు, దివాలా తీశాడు. వియత్నాంలోనే ఉండిపోయిన సైనికాధికారులని కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం ‘పునర్విద్య’ శిబిరాలకి తోలింది. కొందరికి ఆ చదువు పదేళ్లు దాటినా పూర్తికాలేదు. బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది చివరికి కాలిఫోర్నియా చేరారు.

2004లో, 73 ఏళ్ల వయసులో, అదే కమ్యూనిస్టు ప్రభుత్వం రానిస్తే మార్షల్ స్వదేశం వెళ్లాడు. గోల్ఫ్ ఆడాడు. కాలిఫోర్నియాలో ఉన్న వియత్నామీయులు ద్రోహి అని మండిపడ్డారు. పాత సంగతులు తవ్వుకోకుండా మరిచిపొమ్మని మార్షల్ వాళ్లకి హితవు చెప్పాడు.