పొలుసుంటేనే పులుసు

పండగ వంటల పుస్తకం వంట నేర్పుతుందనుకోవడం అమాయకత్వం. అది చెప్పేది ఏం వండకూడదో. ఏం వండాలో ఊరి సంత చెబుతుంది. యూదుల వంటల పుస్తకాలే ఇందుకు రుజువు. హనుక్కా పండగ అనగానే ఐరోపా యూదులు బంగాళాదుంప అట్టు అంటారు. పండగ వయసు రెండు వేల ఏళ్ల పైమాటే; దుంప అమెరికా నుంచి ఐరోపాకి దిగింది 16వ శతాబ్దంలో. అంతదాకా పస్తులేమీ లేరు, నూనెలో వేగినదేదో తిన్నారు. ఆచారం నూనెది, దుంపది కాదు. ఆ లెక్కన మన గారెకి హనుక్కా అర్హతలన్నీ ఉన్నాయి. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు మాంసంలో పాలు కలపకూడదన్నారని కొబ్బరిపాలు పోసుకున్నారు, మొక్కుబడికి అటుకుల్లో కొబ్బరికోరు కలిపి మలీదా చేసుకున్నారు. నిషేధం మోషేది, రుచి కొబ్బరితోటది.

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు, బెనె ఎఫ్రాయిములు. వాళ్ల ప్రార్థనా మందిరం వెలసింది 1991లో. వాళ్లెవరైనా పండగ వంటల పుస్తకం వేయదలిస్తే ముందు కొల్లేరు రావాలని నా సలహా. యూదు ధర్మం ప్రకారం చేపకి రెక్కా పొలుసూ రెండూ ఉండాలి. కొర్రమీను, శీలావతి, బొచ్చె దర్జాగా పాసవుతాయి. జెల్ల, వాలగ, మార్పు తప్పుతాయి. తూర్పు ఐరోపా యూదులు పండక్కి కార్పు చేపని రుబ్బి ఉండలు చేస్తారు. విశ్రాంతి దినాన ముల్లు ఏరడం కూడా పనికిందే లెక్క కదా. మన బొచ్చె, శీలావతి ఆ కార్పు కుటుంబానివే. కాకపోతే ముల్లు చప్పరించడం ఒక విద్యగా బతికే కొల్లేటి మనిషికి ముల్లు లేని చేప ఇస్తే అవమానంగా తీసుకుంటాడు.

యూదుల పస్కా పండగకి అన్నం నిషిద్ధం కదా అంటారు. అది ఐరోపా యూదుల పట్టింపు. బెనె ఇజ్రాయెల్ వాళ్లు పస్కాలోనూ అన్నం తింటారు. పోయేది గోధుమ. తాడేపల్లిగూడెం రైసు మిల్లులకి వచ్చిన నష్టం లేదు, రాత్రిపూట చపాతీతో సరిపెట్టుకునే షుగరు రోగికి మాత్రం ఎనిమిది రోజుల స్వర్గం. మరి రొయ్య? 1901లో మిల్వాకీలో లిజ్జీ కాండర్ అనే యూదు మహిళ వేసిన సెటిల్‌మెంట్ కుక్ బుక్‌లో పొలుసుల్లేని సరుకూ ఉందిగా అని చెరువుల ఆసాములు అడగవచ్చు. అది పండగ కోసం రాసింది కాదు, వలసొచ్చిన ఆడపిల్లలకి అమెరికా వంట నేర్పడానికి రాసింది. దాన్ని చూపించి పస్కాకి రొయ్యలు వండటం, తాడేపల్లిగూడెంలో ఉల్లి మార్కెట్ ఉంది గనక తద్దినానికి ఉల్లిపాయ తేవడం లాంటిది.

అసలు చిక్కు పెరుగు. కోడికూర తిన్నాక పాలూ పెరుగూ ముట్టడానికి చాలామంది యూదులు ఆరు గంటలు ఆగుతారు. అంటే ఏలూరులో మధ్యాహ్నం మొదలైన భోజనం చీకటి పడ్డాక ముగుస్తుంది. చేపకి ఆ గడువు లేదు గనక కొల్లేరు మళ్లీ గెలిచిందని చంకలు గుద్దుకుందామంటే, చేప తిని పెరుగు తింటే బొల్లి వస్తుందని మన బామ్మలు కన్నెర్ర చేస్తారు. 16వ శతాబ్దపు యూదు ధర్మశాస్త్రవేత్త యోసెఫ్ కారో కూడా చేపా పాలూ కలిస్తే ఒంటికి ప్రమాదమని రాశాడు. అది ఆయన పొరపాటని తర్వాతి పండితులు కొందరు కొట్టిపారేశారు. ఏలూరు బామ్మతో అలా అనగలిగిన పండితుడు ఇంకా పుట్టలేదు.